మా నాయన పసుపు పూసిన పుస్తకం

"అవ్వా, పెట్టెలో గంగమ్మ పటం కింద ఈ పుస్తకం ఏంది? అట్టంతా పసుపు. లోపల చూస్తే ఏసు సువార్త. మనమేమన్నా కిరస్తానమోళ్లమా?"

ఓసేయ్, మెల్లగా పట్టుకోవే. ఆ కాగితాలు అప్పడాల మాదిరి అయిపోయినాయి, ఇరిగిపోతాయి. ఇట్ల తే, నా ఒళ్లో పెట్టు. ఆ ఫోను ఏందే మూతి ముందర పెడతాండావు, మాటలు పట్టుకుంటాదా అది? సరే, పట్టుకోనీ. నేనేమన్నా దొంగమాటలు చెప్తానా.

కిరస్తానమోళ్లం కాదు లేమ్మీ. గొర్రెలోళ్లం. మీ తాత తరపునా అంతే, నా పుట్టింటి తరపునా అంతే. గంగమ్మే మన ఇంటి దేవత. ఈ పుస్తకానికి పసుపు పూసింది మా నాయన గురవయ్య, నీకు ముత్తాత. నువ్వు చూళ్లేదు. మీ అమ్మ చూసింది గాని దానికేం గుర్తుంటాది, అప్పుడది పాలు తాగే పిల్ల. పొరపాటున పూసినాడు అనేటోళ్లు ఉండారు. పొరపాటే అనుకో. ఆ పొరపాటు లేకపోతే నేను ఇయ్యాల నీ బస్సు బోర్డు చదివేదాన్ని కాదు.

అప్పుడు ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త. మద్రాసు నుంచి ఇడిపోతిమి గదా, కర్నూలు రాజధాని. మనది అప్పుడు కర్నూలు జిల్లానే, ప్రకాశం అనేది ఇంకా యాడుంది? రాజధాని మన జిల్లాలోనే అని మగోళ్లు మీసాలు తిప్పేటోళ్లు, అదేదో ఇంటికొచ్చి సంగటి కెలికి పెడతాదన్నట్టు. నాకు తొమ్మిదో పదో ఏళ్లు. పదే అనుకుంటా, ఎందుకంటే మా చిన్నత్త పెండ్లి ఆ ముందేడే అయింది, ఆ పెండ్లికి వరన్నం వండితే నేను రెండు పూటలు తిని కక్కుకున్నా. వరన్నం అంటే అప్పుడు పండక్కే. మిగతా రోజులు కొర్రన్నం, జొన్నసంగటి. ఏం చెప్తాంటి? ఆ, మా ఊరు. గిద్దలూరికి నాలుగు మైళ్లు, నల్లమల కొండ వార. మా నాయనకు ఎనబై గొర్రెలు. ఒక్కోదానికి ఒక్కో పేరు. బొల్లి, కుంటిది, మొండిచెవుది, నా పేరు పెట్టింది గూడా ఒకటి ఉండె, నా మాదిరే మొండిదంట.

కొత్త రాష్ట్రంలో మా ఊరికి ఒక బడి ఇచ్చినారు. బడి అంటే కట్టడం అనుకోవద్దు. మునసబుది పాత పశువుల కొట్టం, పేడ ఎత్తేసి సున్నం కొట్టినారు. దానికి పంపిన మనిషి పేరు దానియేలు. మార్కాపురం తట్టు మనిషి. పాలెంలో, అంటే అంటరానోళ్లన్న వాడలో, పుట్టినాడు, మిషనోళ్ల బడిలో చదువుకోని ట్రైనింగు పాసైనాడు. సన్నంగా, పొడుగ్గా, ఉతికిన చొక్కా, ఒక పాత గొడుగు. ఊళ్లో ఆయనకు ఇల్లెవరిస్తారు? ఊరి బయట పాలెంలోనే గుడిసె. ఊరిబాయిలో నీళ్లు గూడా చేదుకోనీరు. ఇదంతా నీకు ఇంటేనే కోపం వస్తాది, నాకు చెప్తాంటే సిగ్గయితాది. కానీ ఉండింది ఉండినట్టు చెప్పాల గదా.

ఇప్పుడు మీరు సారూ అంటారు, మేడం అంటారు. అప్పుడు చదువు చెప్పేటాయన్ని అయ్యవారూ అనాల. మునుపు ఊళ్లో ఒక అయ్యవారు ఉండె, ఇసకలో అక్షరాలు దిద్దిచ్చేటోడు, ఆయన పోయి చాన్నాళ్లయింది. మునసబు ఏం చేసినాడు, బడి తెరిచిన రోజే అందర్నీ పిలిచి చెప్పినాడు: పిలకాయల్ని పంపండి, సర్కారు చదువు, తప్పులే. గాని ఆ పాలెం మనిషిని అయ్యవారూ అన్నారంటే నాలుక కోస్తా. ఆ పేరు పోయినాయనది.

పెద్దోళ్లకేం, ఒరే దానేలూ అంటారు. మాకెట్ల? పాఠం చెప్పేటాయన్ని ఒరే అననీకి నోరు రాదు. అయ్యవారూ అంటే నాలుక పోతాది. అందుకని నలబై మందిమీ ఏమీ అనకుండా కూర్చుంటిమి. ఏమన్నా అడగాలంటే బలపంతో పలక మీద టక్ టక్‌మని కొట్టేది. మార్కాపురం పలక, బేడ పెట్టి కొన్నది, బేడ అంటే రెండణాలు. ఆ పలక మోగితే ఆయన తిరిగి చూసేటోడు. ఆయనకు తెలుసు ఎందుకు కొడతాన్నామో. ఒక్కరోజు గూడా ఏమీ అన్లే. చానా నెలలు అట్లనే జరిగింది, నవ్వాకు.

మా నాయనకు వాదన అంటే సంగటి కన్నా ఇష్టం. అక్షరం ముక్క రాదు గాని, దేవుడి మాటెత్తితే గొర్రెల్ని గూడా మర్సిపోయేటోడు. మిట్టమధ్యాన్నం ఎండకు మందను వాగు కాడ తుమ్మచెట్ల నీడకు తోలేది. బడి ఇడిసిపెడితే నేను ఆడికి సంగటి ఎత్తకపోయేది. దానియేలు పాలేనికి పోయే దోవ గూడా అదే. ఒకరోజు నాయన ఆయన్ని నిలేసినాడు.

"ఏమప్పా దానేలూ, మీ దేవుణ్ణి ప్రభువు ప్రభువు అంటారంట గదా. మా మునసబును గూడా మేము ప్రభో అంటాం. తాసిల్దారుకు అర్జీ రాస్తే ప్రభువులవారికి అని రాస్తారు. మొన్న వానకు ఆ తాసిల్దారు మా వాగులో జారి పడె, నేనే లేపితి. దేవుడు జారి పడతాడా? ప్రభువు అన్నంత మాత్రాన దేవుడెట్లయితాడప్పా?"

నేను భయపడితి, ఆయన బాధపడతాడేమో అని. ఆయన నవ్వినాడు. గొడుగు మూసి, చంకలో సువార్త పుస్తకం చేతికి తీసుకోని ఆ ఎండలోనే నిలబడి చెప్పినాడు. "నిజమే గురవన్నా. ఈ పుస్తకంలో గూడా అంతే. కొందరు ఆయన్ని ఊరికే మర్యాదకు అయ్యా అన్నారు. కొందరు పని గావాలని ప్రభువా అన్నారు. కొందరు నెత్తిన ముళ్లు పెట్టి ఎగతాళికి రాజా అన్నారు. పిలుపును బట్టి ఏమీ తేలదు."

"మరి ఆయన తన్ను తాను ఏమని చెప్పుకున్నాడు?"

"ఎక్కువసార్లు మనుష్యకుమారుడు అన్నాడు."

"మనిషి కొడుకా!" మా నాయన తొడ కొట్టి నవ్వె. "అదేం బిరుదప్పా? నేనూ మనిషి కొడుకునే. ఇదో, ఈ మొండిపిల్ల గూడా మనిషి బిడ్డే."

దానియేలు చెప్పినాడు, పాత గ్రంథంలో ఆ పేరుతోనే మబ్బుల మీద వచ్చే ఒకాయన ఉన్నాడంట, రాజ్యాలన్నీ ఆయన చేతికే ఇస్తారంట. ఇనేటోడు పొలంలో నిలబడి ఇంటే మనిషి అని ఇనపడతాది, ఆ కత తెలిసినోడు ఇంటే ఇంకోటి ఇనపడతాది అన్నాడు. మా నాయన కట్టెతో నేల గీకడం మొదలుపెట్టె. వాదన ఇడిసి నేల గీకినాడంటే దెబ్బ తగిలిందని అర్థం.

ఇంక రోజూ అదే పని. ఒకరోజు ఆయన బాయి కాడి ఆడమనిషి కత చెప్పినాడు. ఆమెది తక్కువ కులం మాదిరి అనుకో, ఏసు వాళ్లు ఆమె వాళ్ల చేతి నీళ్లు తాగరు. ఆయన పోయి ఆమెను నీళ్లడిగినాడు. ఆమె మొదట మీరు మీరే, మేము మేమే అన్నట్టు మాట్లాడిందంట. కాసేపటికి అయ్యా అంది. ఇంకాసేపటికి నువ్వు దేవుడి మాట చెప్పేటోడివి అంది. ఆఖరికి కుండ ఆడనే పారేసి ఊళ్లోకి ఉరికి, వచ్చి చూడండి, రావాల్సినాయన ఈయనేనేమో అంది. ఆయన నన్ను ఇట్ల పిలువు అని ఒక్కసారి గూడా చెప్పలే. మా నాయన గడ్డి పోస కొరుకుతా, "అయితే పిలుపు మొక్క మాదిరి పెరిగిందన్న మాట" అన్నాడు. తర్వాత తన సొరబుర్ర తీసి దానియేలుకిచ్చినాడు. అంతకుముందు నీళ్లియ్యాలంటే పైనుంచి ఆయన దోసిట్లోకి పోసేటోడు. ఆరోజు బుర్రే చేతికిచ్చినాడు. ఆయన తత్తరలో నీళ్లు చొక్కా మీద ఒలకబోసుకున్నాడు.

అట్లని మా నాయన ఊరికే లొంగేరకం కాదు. ఒకాయన ఏసును మంచి బోధకుడా అంటే, నన్ను మంచోడంటావెందుకు, దేవుడొక్కడే గదా మంచోడు అన్నాడంట. మా నాయన ఎగిరి గంతేసినాడు. "చూసినావా! నేను దేవుణ్ణి గాదని ఆయనే చెప్పినాడు!" దానియేలు, "కాదని యాడ చెప్పినాడన్నా? ఎందుకంటావని అడిగినాడు. నోటికొచ్చినట్టు కాదు, ఆలోచించి పిలవమన్నాడు" అంటాడు. "తప్పించుకుంటివిలే" అంటాడు నాయన. ఇద్దరూ నవ్వుకునేటోళ్లు. నేను సంగటి గిన్నె పట్టుకోని ఇటు చూసేది, అటు చూసేది.

కాపరి మాట వచ్చినరోజు మాత్రం మా నాయన నవ్వలే. ఏసు తన్ను తాను మంచి కాపరిని అన్నాడు అని దానియేలు చెప్తే, మా నాయన మొగం మాడిపోయింది. "నన్ను మచ్చిక చేసుకోనీకి కల్పిస్తాండావప్పా నువ్వు" అన్నాడు. ఎందుకనాల? ఊళ్లో గొర్రెలోడు అంటే ఎవరికి లెక్క? గొర్రె బుద్ధి అంటారు, ఉన్ని కంపు అంటారు. దేవుణ్ణి రాజంటే నమ్ముతా, దొరంటే నమ్ముతా, గొర్రెలు కాసేటోడంటే ఎట్ల నమ్మాల అని మా నాయన బాధ. దానియేలు పుస్తకం తెరిచి ఇదో ఇక్కడుంది అని చూపిచ్చినాడు. మా నాయనకు అవన్నీ చీమలు. "నువ్వు చదివితే నేను నమ్మను. నా బిడ్డ చదివితే నమ్ముతా" అన్నాడు. నా తట్టు తిరిగి, "ఒసే లచ్చుమీ, ఇంక నుంచి ఒక్కరోజు బడి మానినా కాళ్లిరగ్గొడతా. ఆ పేజీ నువ్వే నాకు చదవాల" అన్నాడు.

ఇదమ్మీ నా చదువు. మా అమ్మ ఆడపిల్లకు చదువేంది, పిల్లగొర్రెల్ని ఎవరు చూస్తారు అని గింజుకుంటాంటే, మా నాయన ఆ పంతులు అబద్ధమాడినాడా లేదా తేల్చుకోనీకి నన్ను బడికి పంపె.

ఈ పుస్తకం అప్పుడే ఇచ్చినాడు ఆయన నాకు, ఇంటికాడ గూడా కూడబలుక్కోమని. అర్ధణా పుస్తకం. నేను వద్దు అంటే గూడా ఒళ్లో పెట్టిపోయినాడు. సరే, అది ఇంట్లో ఉందా. ఇంకోరోజు వాగు కాడ దానియేలు, ఆయనకు దేవుని గొర్రెపిల్ల అని గూడా ఒక పేరుంది అన్నాడు. మా నాయన లేసి నిలబడినాడు.

"దేవర పొట్టేలా? ఓరి దేవుడా, ఇది ముందే చెప్పకపోతివా దానేలూ!"

నీకు దేవర పొట్టేలు తెలుసా? నువ్వు చిన్నప్పుడు ఒకసారి చూసినావు లే. గంగమ్మకు మొక్కుకోని ఒక పొట్టేలుకు పసుపు పూసి, వేపమండ కట్టి ఇడుస్తాం. ఆరోజు నుంచి జాతరలో కోసేదాకా అది ఎవరిదీ కాదు, అమ్మది. ఎవరి చేన్లో మేసినా కొట్టగూడదు, ఎవరింటికొచ్చినా తరమగూడదు. తరిమితే ఊరికి కీడు. మేము గూడా దానికి మొక్కుతాం. అది అమ్మ కాదని తెలుసు, అమ్మ సొత్తని తెలుసు. అందుకని ఏసు గూడా అట్లనే దేవుడి సొత్తని మా నాయనకు అంతా తేలిపోయినట్టయింది. ఇంటికొచ్చి కాళ్లు గూడా కడుక్కోకుండా ఈ పుస్తకానికి పసుపు పూసి, బొట్టు పెట్టి, మధ్యలో వేపాకు పెట్టి గంగమ్మ గూట్లో పెట్టినాడు.

మర్నాడు బడికి నేను అట్లనే ఎత్తకపోతి. దానియేలు చూసినాడు. చూసి, ధోవతి కొంగు తీసి తుడవబోయి ఆగినాడు. ఆయనకు అది తప్పు గదా, వాళ్లు బొమ్మకూ బొట్టుకూ మొక్కరు. మొగమంతా ఎట్లనో అయిపోయింది. సాయంత్రం మా నాయనతో అన్నాడు, "అన్నా, దేవర పొట్టేలును ఏటేటా కోస్తారు. ఈయన్ని ఒక్కసారే కోసినారు, ఇంక కోయాల్సిన పన్లేదు. ఈయన సొత్తు కాదు, సొంతదారుడే వచ్చినాడని మేమంటాం." మా నాయన తల గోక్కున్నాడు. "అది నువ్వంటావు. నాకింకా ఆ మొక్క అంత పెరగలే" అన్నాడు. పసుపు మాత్రం తుడవనీలే.

ఇంక అసలు మాట ఇను. ఎండాకాలం రాబోతాంది. ఆ పేజీ నాకు వచ్చేసింది. మధ్యాన్నం వాగు కాడ మా నాయన ముందర కూర్చోని, వేలు పెట్టి చదివినా. మం-చి-కా-ప-రి. దానియేలు పక్కన నిలబడినాడు, పెదిమ గూడా కదపలే, అందిచ్చినాడంటారని. కాపరి తన గొర్రెల్ని పేరు పెట్టి పిలుస్తాడంట, అవి ఆయన గొంతు ఎరుగుతాయంట, తోడేలొస్తే కూలోడు పారిపోతాడంట, ఈయన ప్రాణం పెడతాడంట. అంతా చదివినా. మా నాయన తలకాయ గొంగట్లో పెట్టుకోని ఏడ్చినాడు. నేను నాయన ఏడ్చేది అదే మొదటిసారి చూసింది. సంతోషం పట్టలేక నేను వెనక్కి తిరిగి, "అయ్యవారూ, సరిగ్గా చదివినానా?" అని గట్టిగా అరిస్తి.

ఎప్పుడూ రాని మాట అట్ల వచ్చేసింది. ఆ పక్క చేన్లో మునసబు జీతగాడు గడ్డి కోస్తాన్నాడు. ఇంకేముంది.

పొద్దు వాలకముందే చావిడి కాడికి పిలుపొచ్చింది. ఊరంతా ఆడనే, దానియేలును గూడా పిలిపిచ్చి ఒక పక్కన నిలబెట్టినారు. మునసబు మంచమ్మీద కూర్చోని, "ఒరే గురవా, నీ కూతురు ఎవర్ని అయ్యవారంటాంది? ఇయ్యాల వాణ్ణి అయ్యవారంటే రేపు నన్నేమని పిలుస్తారు?" అన్నాడు. ఇంకేమన్నాడంటే, దానేలు రేపటికల్లా ఊరిడిసి పోవాల, బడికి నా కొట్టం ఇయ్యను. నీ మంద ఈ ఊరి చేలల్లో దిగగూడదు. అమ్మీ, మా గొర్రెల్ని రైతులు చేలల్లో మంద పెట్టిచ్చుకునేటోళ్లు, ఎరువు కోసరం. దానికి ఇచ్చే గింజలే మా తిండి. చేలల్లో దిగొద్దంటే ఊరొదిలి పొమ్మనే. మా అమ్మ ఆడనే కూలబడింది. నేను మా నాయన పంచె పట్టుకోని ఆయన వెనకాల దాక్కుంటి. నా నోటి మూలాన బడి పాయె, గింజలు పాయె అని.

మా నాయన చేతులు కట్టుకోని అన్నాడు, "ప్రభో, నేను మిమ్మల్ని ప్రభో అంటాండా. భయానికి అంటాండా, అది మీకూ తెలుసు. నా బిడ్డ ఆయన్ని భయానికి అన్లే." ఎవరో అబ్బా అన్నారు. అంతటితో ఆగకుండా మా నాయన నా చేతిలో పుస్తకం లాక్కోని ఎత్తి చూపిచ్చినాడు. "ఇది దేవర పుస్తకం. పసుపు పూసి ఇడిసినా. ఇది ఈ దానేలు చేతిలో తిరుగుతాది. దేవరను తరిమితే ఊరికేమవుతాదో మీరే చెప్పండి."

చావిడంతా చల్లబడిపోయింది. మునసబు మొగంలో నెత్తురు చుక్క లేదు. దేవరను తరిమే ధైర్యం ఎవరికుంది? గెలిస్తిమి అనుకుంటి నేను.

అప్పుడు దానియేలు ముందుకొచ్చినాడు. వచ్చి, "అన్నా, నన్ను క్షమించు" అన్నాడు. మునసబు తట్టు తిరిగి, "అయ్యా, గురవన్న మంచి మనసుతో చేసినాడు. గాని ఆ పసుపు మీద నాకు నమ్మకం లేదు. మీ దేవర భయాన్ని అడ్డం పెట్టుకోని నేను ఈ ఊళ్లో ఉండలేను. అది మోసం. పొమ్మంటే పోతా. పిలకాయలకు బడి మాత్రం మూయొద్దు, ఇంకెవరినన్నా పిలిపిచ్చుకోండి" అన్నాడు.

మా నాయనకు కోపం రాలేదంటే అబద్ధం. పళ్లు కొరికినాడు. కాపాడుతాంటే గోతిలో దూకే మనిషిని ఏమనాల? నేనయితే గట్టిగా ఏడుపెత్తుకున్నా.

మునసబుకు ముసలితల్లి ఉండె, పెద్దమ్మ అంటిమి అందరం. కండ్లు సరిగ్గా కనపడవు, చావిడి పక్కనే వాళ్లిల్లు, ఆ గడప కాడ కూర్చోని అంతా ఇంటాంది. ఆమె కట్టె నేలకేసి కొట్టి, "ఒరే నాయనా, నేను ఇంత బతుకు బతికినా. తప్పిచ్చుకునే దోవ చూపిచ్చినా అబద్ధమాడని మనిషిని ఇయ్యాలే చూస్తాండా. ఈయన దగ్గర కాకపోతే పిలకాయలు ఇంకెవరి దగ్గర నేర్చుకోవాలరా?" అనింది.

ఈయన అనిందమ్మీ. ఊళ్లో పెద్దింటి ఆడమనిషి ఆయన్ని ఈయన అనడం అదే మొదలు. అందరూ ఇన్నారు.

మునసబు లేసి కండువా దులుపుకున్నాడు. "ఉంటే ఉండనీ. పిలకాయలు ఏమన్నా పిల్చుకోండి, నా చెవిన పడకుండా పిల్చుకోండి" అని లోపలికి పోయినాడు. మంద మాట మళ్లీ ఎత్తలే. ఎత్తితే వాళ్ల చేనుకు ఎరువెవరు పెడతారు?

మర్నాడు బడికి పోతే నలబై మందిమీ ఒకర్నొకరు చూసుకుంటిమి. ఎవరు మొదలుపెట్టినారో తెలీదు, నేనయితే కాదు, అందరం ఒక్కసారి అయ్యవారూ అంటిమి. ఆయన బోర్డు మీద తేదీ రాస్తాండె. రాసేది ఆపినాడు గాని ఇటు తిరగలే. రాసిన తేదీనే తుడిచి మళ్లీ రాసినాడు. తర్వాత తిరిగి, "పలకలు తీయండి" అన్నాడు.

మా నాయన రెండు రోజులు అలిగినాడు. మూడో రోజు ఆయనే గుడిసె కాడికి పోయి, "ఆరోజు నువ్వు ఆ పసుపు అడ్డం పెట్టుకోని ఉండింటే నేను నిన్ను ఎప్పటికీ దానేలూ అనేటోణ్ణి. ఇంక అయ్యవారూ అంటా. పసుపు మాత్రం తుడవను, అది నాది" అని చెప్పి వచ్చినాడు. ఆయన సరే అన్నా అన్నాడంట. వాళ్ల స్నేహం అట్లాంటిది. ఒకరిది ఒకరు ఒప్పుకోలేదు, ఒకర్ని ఒకరు ఒదల్లేదు.

వాదన మాత్రం ఆగలే. ఏసు శిష్యుల్లో ఒకాయన అనుమానం మనిషంట. ఏసు చనిపోయి మళ్లీ లేసినాడంటే, ఆయన గాయం మీద వేలు పెట్టి చూస్తేగాని నమ్మనన్నాడంట. చూసినాక ఆయనే నా ప్రభువా, నా దేవుడా అన్నాడంట. మా నాయన, "అందరి కన్నా అనుమానపోడే అంత పెద్ద మాట అన్నాడా? అయితే నాకింకా టైముంది అయ్యవారూ" అనె. అయ్యవారు అప్పుడప్పుడు అడిగేటోడు, "అన్నా, అందరి పిలుపులూ ఇంటివి. నువ్వు ఆయన్ని ఏమంటావు?" అని. మా నాయన గొర్రె తప్పిపోయిందనో, వాన వచ్చేటట్టుందనో లేసిపోయేటోడు.

నేను అయిదు పాసైనాను. మా కులంలో ఆడపిల్ల అయిదు పాసవడం ఆ చుట్టుపక్కల లేదు. ఆ ఏడే అయ్యవారికి ట్రాన్స్‌ఫర్ వచ్చింది, కంభం అవతల యాడికో. గిద్దలూరు స్టేషన్‌కు మా నాయనా నేనూ పోతిమి. నాయన గొంగడి భుజానేసుకోని, కట్టె పట్టుకోని, స్టేషన్‌లో అందరూ చూస్తాంటే ఆయన ట్రంకుపెట్టె నెత్తిన ఎత్తుకున్నాడు. వద్దన్నా అంటే ఇనలే. రైలు వచ్చింది. ఆయన ఎక్కి కిటికీ కాడ కూర్చోని, నవ్వుకుంటానే అడిగినాడు, "అన్నా, ఇప్పుడన్నా చెప్పు. ఏమంటావు?"

మా నాయన ఈసారి యాడికీ పోలే. కిటికీ కమ్మీ పట్టుకున్నాడు.

"అయ్యవారూ, నాకు ఎనబై గొర్రెలుండాయి. ఒక్కటన్నా నన్ను గురవయ్యా అన్లే. దొరా అన్లే, దేవుడా అన్లే. మే అంటాయి, అంతే. నా గొంతు ఇంటే మాత్రం యాడున్నా లేసి వస్తాయి. నేను గూడా ఆయన ముందర అంతే అనుకో. ఏమనాల్నో నాకు తెలీదు. గొంతు మాత్రం గుర్తు పట్టినా."

అయ్యవారు ఆ కమ్మీల్లోనుంచి మా నాయన చేతులు పట్టుకోని కళ్లకద్దుకున్నాడు. రైలు కదిలినా ఇడవలే, మా నాయన ప్లాట్‌ఫారం చివర దాకా నడిచినాడు. నేను వెనకాల ఉరుకుతా అయ్యవారూ అయ్యవారూ అని అరుస్తాండా. స్టేషనంతా ఇనపడేటట్టు అరిచినా.

ఆ... ఉండు, కండ్లు తుడుచుకోనీ. ముసలిదాన్ని అయినాక ఇంతే, ఊరికే నీళ్లు. ఆపు ఇంక ఆ ఫోను. పొద్దున్నే దర్శి బస్సంటివి గదా, ఆస్పత్రిలో కొత్త ఉద్యోగం, నిద్ర మేలుకుంటే ఎట్ల? ఇట్ల రా, తల వంచు. నొప్పులతో వచ్చేటోళ్లు మర్యాదలు చూసుకోలేరమ్మీ. సిస్టరూ అనేటోళ్లు ఉంటారు, ఏయ్ పిల్లా అనేటోళ్లు ఉంటారు, కొందరు ఏమీ అనలేక మూలుగుతారు. ఎవరు ఏమని పిలిచినా పలుకు. సల్లగుండు నా తల్లీ.